దిగుదారి కథనం: పర్వతయాత్రల చివరి దినాలు – మహాప్రస్థానిక పర్వం నుండి ఎవరెస్టు దాకా

పర్వతయాత్రలో శిఖరం మీద గడిచే కాలం చాలా స్వల్పం. రోజుల తరబడి ఎక్కినవారు అక్కడ నిలిచేది కొన్ని నిమిషాలు, మహా అయితే ఒక గంట. ఎక్కిన దూరమంతా మళ్లీ దిగవలసి ఉంటుంది. ఈ సాధారణ సత్యాన్ని యాత్రాకథనాలు చాలావరకు దాటవేస్తాయి. శిఖరమో, దర్శనమో కాగానే రచన ముగింపు వైపు పరుగు తీస్తుంది. పదిహేను రోజుల ఆరోహణానికి వంద పుటలు కేటాయించిన రచయిత అవరోహణాన్ని రెండు పేరాలలో పూర్తిచేస్తాడు. తెలుగులో యాత్రాసాహిత్య పరిశీలన కూడా ఈ ధోరణినే అనుసరించింది. ప్రకృతివర్ణన, స్థలపురాణం, ఆచారవ్యవహారాలు, భక్తిభావం అనే శీర్షికల కింద రచనను విభజించి చూడటం వల్ల దర్శనానంతర భాగం పరిశీలనకు అందకుండా పోతోంది. యాత్రాకథనపు విలువను నిర్ణయించవలసింది ఆ చివరి భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఈ ప్రతిపాదనకు ఆధారం నడకలోనే ఉంది. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ శరీరభారం మోకాళ్లమీద, తొడ కండరాలమీద పడుతుంది. కాలివేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి. అప్పటికే అలసట పేరుకుపోయి ఉంటుంది, లక్ష్యం నెరవేరినందువల్ల జాగ్రత్త సడలుతుంది. గైడు నడిపించే బృందంలో సాధారణంగా ఒకరు ముందు నడుస్తారు, సహాయకుడొకడు అందరికన్నా వెనక ఉండి ఎవరూ తప్పిపోకుండా చూస్తాడు. ఎక్కేటప్పుడు బృందం దగ్గరగా ఉంటుంది. దిగేటప్పుడు చురుకైనవారు ముందుకు సాగిపోతారు, అలసినవారు వెనకబడతారు, వరుస తెగుతుంది. చివరి విడిదిలో కూలీలకు, కంచరగాడిదలు తోలేవారికి ఇవ్వవలసిన డబ్బు లెక్కతేలుతుంది. అంతవరకు 'మనం' అని రాస్తూ వచ్చిన రచయిత ఆ 'మనం'లో ఎవరెవరిని కలిపాడో అక్కడ బయటపడుతుంది.

తెలుగు కావ్య సంప్రదాయంలో కొండ దిగే ఘట్టాలు అరుదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో ఐదు ప్రకరణాలున్నాయి. వాటిలో చివరిది పర్వత ప్రకరణం. శివరాత్రికి శ్రీశైలం తరలివెళ్లే భక్తబృందాలను, వారి పాటలను, ఆటలను, జాగరణను అంత విస్తారంగా నమోదు చేసిన రచన ప్రాచీన తెలుగులో మరొకటి కనిపించదు. ఇది సమూహయాత్రకు సంబంధించిన తొలి గొప్ప తెలుగు చిత్రణ అనడం అతిశయోక్తి కాదు. అయితే కథానాయకునికి ఆ కొండమీద లభించేది లింగైక్యం. అక్కడికి చేరిన తర్వాత తిరిగి రావడమనే ప్రశ్నే తలెత్తదు. అన్ని వేల మంది జనం ఏ దారిన, ఏ స్థితిలో ఇళ్లకు చేరారో కావ్యానికి అవసరం లేదు. ఇది సోమనాథుని లోపం కాదు. ఐక్యమే పరమార్థమైన కావ్యంలో దిగుదారికి చోటుండదు.

పెద్దన మనుచరిత్ర ఇందుకు భిన్నం. హిమాలయం చేరి వెంటనే ఇంటికి రాదలచిన ఏకైక ప్రసిద్ధ నాయకుడు ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో అరుణాస్పదపురం నుండి ఒక్క ఉదయంలో హిమవత్పర్వతానికి చేరుకుంటాడు. మంచునీటికి లేపం కరిగిపోతుంది. దారి తెలియదు. మధ్యాహ్నం అవుతున్నది, ఇంట నిత్యకర్మలు ఆగిపోతాయి. వరూధిని ఘట్టాన్ని శృంగారవైరాగ్యాల సంఘర్షణగా వ్యాఖ్యానించడం మనకు అలవాటు. కాని ఆ ఘట్టంలో ప్రవరుడు ఆమెను మొదట అడిగేది ఊరికి తిరిగి వెళ్లే దారి. పర్వతాన్ని చూపించే సాధనం ఇచ్చిన సిద్ధుడు పర్వతం నుండి దించే బాధ్యత తీసుకోలేదు. తోడు లేని యాత్రికుడు దారి అడగవలసివచ్చిన వ్యక్తికి అతనిని పంపాలనే కోరిక లేదు. చివరకు అగ్నిదేవుడు కలుగజేసుకుంటేగాని తిరుగుప్రయాణం సాధ్యం కాలేదు. అదైనా నడక కాదు. దిగుదారిని సమస్యగా గుర్తించిన మన ప్రబంధం కూడా దానిని నడిపించి చూపలేదు.

వచనం వచ్చాక పరిస్థితి మారింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. కాశీయాత్ర చరిత్ర 1838లో, ఆయన మరణానంతరం అచ్చయింది. కాశీ దర్శనంతో ఆ పుస్తకం ముగియదు. గయ, కలకత్తా, జగన్నాథం, ఉత్తర సర్కారుల మీదుగా చెన్నపట్టణం వరకు తిరుగుదారి కూడా అదే శ్రద్ధతో నమోదైంది. ఇందుకు కారణం రచయిత స్వభావం ఒక్కటే కాదు, రచనారూపం కూడా. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసిన లేఖలుగా, తేదీలవారీ దినచర్యగా సాగినందువల్ల ప్రతి రోజూ ఒక నమోదును కోరింది. దినచర్యకు శిఖరం ఉండదు. శ్రీశైలం అడవిదారిలోనైనా, కళింగ తీరంలోనైనా మజిలీ మజిలీయే. పల్లకీ మోసే బోయీల ప్రస్తావన ఆ రచనలో పదేపదే రావడానికి కూడా ఇదే కారణం. మోసేవాడు లేనిదే ఆనాటి మజిలీ లేదు, మజిలీ లేనిదే ఆనాటి రాత లేదు. స్వామి ప్రణవానంద విషయంలోనూ ఇలాంటిదే చెప్పవచ్చు. తూర్పు గోదావరి ప్రాంతంలో పుట్టి కైలాస మానససరోవర ప్రాంతాన్ని దశాబ్దాలపాటు అన్వేషించిన ఈ సన్యాసి, 1949లో ఇంగ్లీషులో వెలువరించిన గ్రంథంలో దారులను మజిలీల పట్టికలుగా కూర్చాడు. పట్టికను పైనుంచి చదివితే ఎక్కుడు, కిందినుంచి చదివితే దిగుడు. భక్తుని కలం ఇవ్వని సమానస్థాయిని భూగోళజ్ఞుని పట్టిక ఇచ్చింది.

గైడు నడిపించిన బృందం చివరి దినాలను సాహిత్యవస్తువుగా నిలబెట్టిన ఆధునిక ఉదాహరణ మాత్రం తెలుగు బయట ఉంది. 1996 మే 10, 11 తేదీలలో ఎవరెస్టు మీద తుఫానులో ఎనిమిది మంది మరణించారు. వారిలో న్యూజీలాండ్ గైడు రాబ్ హాల్, అమెరికన్ గైడు స్కాట్ ఫిషర్ ఉన్నారు. డబ్బు చెల్లించి వచ్చినవారిని శిఖరానికి చేర్చే రెండు వాణిజ్య బృందాలకు వీరు నాయకులు. హాల్ బృందంలో సభ్యుడిగా వెళ్లిన జాన్ క్రాకౌర్ 1997లో 'ఇన్‌టు థిన్ ఎయిర్' ప్రచురించాడు. ఫిషర్ బృందంలో గైడుగా పనిచేసిన అనతోలీ బుక్రీవ్, వెస్టన్ డివాల్ట్‌తో కలిసి అదే ఏడాది 'ది క్లైంబ్' వెలువరించాడు. ఈ రెండు పుస్తకాల మధ్య వాదాన్ని పర్వతారోహకుల తగాదాగా చూస్తే విమర్శకునికి దక్కేది తక్కువ. అవరోహణాన్ని ఎలా కథనం చేయాలనే ప్రశ్నకు ఇవి రెండు జవాబులు.

క్రాకౌర్ నిర్మాణం గమనించదగినది. ఆయన పుస్తకం శిఖరం మీదనే మొదలవుతుంది. పాఠకుడు ఎంతో దూరం ఎదురుచూడవలసిన ఘట్టాన్ని మొదటి అధ్యాయంలోనే, అదీ నిరుత్సాహంగా, అలసిన కంఠంతో చెప్పివేసి, ఆ తర్వాత వెనక్కి వెళ్లి ప్రయాణం ఆరంభిస్తాడు. దీనివల్ల శిఖరం కథకు గమ్యం కాకుండా పోతుంది. పాఠకుని ఉత్కంఠ అంతా దిగుదారికి మళ్లుతుంది. దర్శనాన్ని చివరి అధ్యాయంగా దాచుకునే యాత్రారచయితలు ఈ ఏర్పాటు గురించి ఆలోచించవలసి ఉంది.

ఆ దిగుదారి కథనానికి కేంద్రం గడియారం. ఫలానా వేళకు శిఖరం చేరకపోతే ఎక్కడున్నా వెనుదిరగాలనే నియమం ఉన్నదే. మధ్యాహ్నం ఒంటిగంటా, రెండా అన్న మాట స్పష్టంగా స్థిరపడలేదు. డగ్ హాన్సెన్ అనే సభ్యుడు అంతకుముందు సంవత్సరం శిఖరానికి కొద్ది దూరంలో హాల్ మాటపైనే వెనుదిరిగినవాడు. ఈసారి అతడు శిఖరం చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. హాల్ అతనితోనే ఉండిపోయాడు, అతనిని దించలేకపోయాడు, తానూ దిగలేకపోయాడు. దక్షిణ శిఖరం దగ్గర నుండి రేడియో ద్వారా న్యూజీలాండ్‌లోని భార్యతో మాట్లాడిన తర్వాత మరణించాడు. ఫిషర్ తన బృందంలో అందరికన్నా వెనక దిగుతూ కూలబడ్డాడు. ఆ రాత్రి వెనక నిలిచిన నాయకులిద్దరూ చనిపోయారు.

ముందు దిగినవాడు బుక్రీవ్. అదనపు ప్రాణవాయువు లేకుండా ఎక్కి, సభ్యులకంటే ముందుగా దక్షిణ కనుమలోని విడిదికి చేరాడు. క్రాకౌర్ అభ్యంతరం ఇక్కడే. గైడు తన సభ్యులతో ఉండవలసినవాడు. బుక్రీవ్ సమాధానం వేరు. కింద సిద్ధంగా ఉంటేనే అవసరమైనవారికి వేడి పానీయం, ప్రాణవాయువు అందించగలనని, ఇందుకు ఫిషర్ అంగీకారం ఉన్నదని అతడు చెప్పాడు. ఆ రాత్రి తుఫానులో ఒంటరిగా బయటికి వెళ్లి కనుమలో దారితప్పిన ముగ్గురిని అతడే తీసుకువచ్చాడు. బయట మిగిలినవారిలో యాసుకో నంబా మరణించింది. చనిపోయాడనుకుని వదిలివేసిన బెక్ వెదర్స్ మరునాడు లేచి తానే విడిదికి నడిచి వచ్చాడు. ఈ వాస్తవాలమీద రెండు పుస్తకాలకూ పెద్దగా భేదం లేదు. భేదమంతా గైడు ఎక్కడ నిలబడాలన్న విషయంలో ఉంది. క్రాకౌర్ దృష్టిలో నాయకత్వం పక్కన ఉండటం. బుక్రీవ్ దృష్టిలో అది చేయగల స్థితిలో ఉండటం. రచనగా క్రాకౌర్‌దే బలమైన పుస్తకం. నిర్మాణంలో, వాక్యంలో, మనుషుల చిత్రణలో 'ది క్లైంబ్' దానికి సాటిరాదు. కాని రచన బలంగా ఉన్నంతమాత్రాన తీర్పు న్యాయంగా ఉన్నట్టు కాదు. రెండవ పుస్తకం లేకపోతే బుక్రీవ్ అవరోహణం ఒక ఆరోపణగా మాత్రమే మిగిలేది.

క్రాకౌర్ పుస్తకంలో మరింత విలువైన అంశం సాక్ష్యానికి సంబంధించినది. ఆండీ హారిస్ అనే గైడు విడిదికి దగ్గరగా చేరాడని, తాను అతనితో మాట్లాడానని ఆయన మొదట పత్రికలో రాశాడు. తర్వాత విచారించగా ఆ వ్యక్తి హారిస్ కాదు, మరో బృందానికి చెందిన మార్టిన్ ఆడమ్స్ అని తేలింది. హారిస్ ఆ వేళకు హాల్‌కు సహాయంగా పైకే వెళ్లాడు. ఎక్కేటప్పుడు చూచినదానికీ, దిగేటప్పుడు చూచినదానికీ ప్రమాణంలో తేడా ఉంటుందని ఈ ఘటన చెబుతుంది. ప్రాణవాయువు తక్కువైన మెదడు, చీకటి, ముసుగులు, మంచు – వీటి మధ్య ప్రత్యక్షసాక్షి కూడా ఊహకర్తే. తన తప్పును దాచకుండా పుస్తకంలో భాగం చేయడం వల్ల క్రాకౌర్ కథనానికి ఆరోహణ కథనాలలో ఉండని సందేహగుణం వచ్చింది. ఫ్రెంచి పర్వతారోహకుడు మోరిస్ ఎర్జోగ్ 1950 జూన్ 3న అన్నపూర్ణ ఎక్కి రాసిన గ్రంథం ఇందుకు విరుద్ధ దృష్టాంతం. మంచుకు చచ్చుబడిన వేళ్లు, వాటిని తొలగించడం, వైద్యుని శ్రమ – దిగుదారి బాధను ఆ గ్రంథం నిస్సంకోచంగా వర్ణించింది. కాని సందేహాన్ని దరిచేరనీయలేదు. తోటి ఆరోహకుడు లాషెనాల్ రాతలు సంస్కరణ లేకుండా 1996లో వెలువడ్డాక వేరే చిత్రం కనబడింది.

ఈ రెండు ఎవరెస్టు పుస్తకాలకూ ఒక ఉమ్మడి కొరత ఉంది. షేర్పాల దిగుదారి అందులో వారి మాటగా లేదు. ఫిషర్ వెంట చివరిదాకా ఉన్న లోప్సాంగ్ జాంగ్బు అదే సంవత్సరం సెప్టెంబరులో హిమపాతంలో మరణించాడు, పుస్తకం రాయలేదు. అదే సాయంత్రం ఉత్తరం వైపు నుండి ఎక్కిన ముగ్గురు భారత-టిబెట్ సరిహద్దు పోలీసుల చివరి గంటలు కూడా ఇతరుల మాటల్లోనే మిగిలాయి. షేర్పాల జీవితాన్ని, మరణాన్ని చర్చకు పెట్టిన షెర్రీ ఓర్ట్నర్ అధ్యయనం 1999లో వచ్చింది. 2014 ఏప్రిల్ 18న ఖుంబు హిమపాతంలో 16 మంది నేపాలీ కార్మికులు మరణించిన తర్వాతగాని ఈ శ్రమ లోకానికి పట్టలేదు. ఆ ఏడాదే మే 25న, ఉత్తరం వైపు నుండి, నిజామాబాద్ జిల్లా పాకాల బాలిక మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో శిఖరం చేరింది. ఆమె సాధన మనకు జ్ఞాపకమున్నది ఆ తేదీతోనే. ఆ శిఖరం నుండి ఒక బాలికను క్షేమంగా దించినవారి చేతులు ఆ తేదీలో కనిపించవు.

ఈ వెలుగులో మహాప్రస్థానిక పర్వాన్ని చదవడం అవసరం. ఆరుగురు మనుషులు, ఒక కుక్క – ఇది సమూహ పర్వతయాత్రే. వ్యాసుడు నడక వరుసను స్పష్టంగా చెప్పాడు: ముందు ధర్మరాజు, వెనుక భీముడు, అర్జునుడు, కవలలు, ద్రౌపది, అందరికన్నా చివర కుక్క. పతనం కూడా వెనుక నుండే మొదలవుతుంది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. తిక్కన ఈ క్రమాన్ని మార్చలేదు. ఈ వరుసకు కర్మఫలవ్యాఖ్యానం ఒక్కటే ఆధారమని భావించనక్కరలేదు. బృందం వెనుక కొస నుండి తరగడం పర్వతయాత్రల నిజమే. ముందు నడిచేవాడికి పడినవారు కనిపించరు. పడినవారి వార్త ప్రతిసారీ భీముడే చెబుతాడు. ధర్మరాజు కారణం చెబుతాడు, వెనుదిరిగి చూడడు. ద్రౌపదికి అర్జునుని మీద పక్షపాతం, సహదేవునికి ప్రజ్ఞాగర్వం, నకులునికి రూపగర్వం, అర్జునునికి ఒక్క రోజులో శత్రువులను జయిస్తానన్న మాట, భీమునికి తిండి, బలదర్పం. తీర్పులు క్లుప్తంగా ఉంటాయి. సహయాత్రికుని పతనానికి అతని దోషాన్నే కారణంగా చూపే ఈ పద్ధతి 1996 తర్వాత వచ్చిన వ్యాసాలలో కూడా కనిపిస్తుంది. ఫలానావాడు అనుభవం లేనివాడు, ఫలానావాడు గడియారం చూడలేదు. తీర్పు చెప్పడం వల్ల బతికినవాడి నడక తేలికవుతుంది.

ధర్మరాజు ఈ ప్రవర్తనను స్థితప్రజ్ఞత్వంగా కీర్తించే వ్యాఖ్యానమే ఎక్కువ. దానితో పూర్తిగా ఏకీభవించడం కష్టం. ఇంద్రుడు రథంతో ఎదురైనప్పుడు ధర్మరాజు మొదట కోరేది పడిపోయిన తమ్ములను, ద్రౌపదిని. ఆ తర్వాతిదే కుక్క విషయం. వెనుక నడిచిన ఆ జంతువును వదలడానికి అతడు ఒప్పుకోడు. వరుస చివర ఉన్నదానిని ముందున్నవాడు పట్టుకున్న సందర్భం ఇది. దీనిని ధర్మపరీక్షగా మాత్రమే చూస్తే అంతవరకు వెనుదిరగని మనిషిలో వచ్చిన మార్పు కనపడకుండా పోతుంది. పర్వం చిన్నది, నడక త్వరగా ముగుస్తుంది. తిక్కన కుదించిన సందర్భాలను తొందరగా భావించేవారున్నారు గాని, ఇక్కడి క్లుప్తతకు అర్థం తర్వాతి పర్వంలో దొరుకుతుంది.

స్వర్గారోహణ పర్వంలో అసలైన దిగుదారి ఉంది. స్వర్గంలో దుర్యోధనుణ్ణి చూచి, తనవారిని చూపమని ధర్మరాజు అడిగితే, దేవదూత ఒకడు దారి చూపుతూ ముందు నడుస్తాడు. ఈ యాత్రకు గైడు ఉన్నాడు. చీకటి, దుర్గంధం నిండిన దారి. కొంతదూరం పోయాక దూత ఆగి, తనకు దేవతలు చెప్పినది ఇంతవరకే, అలసితే వెనుదిరగవచ్చునంటాడు. ధర్మరాజు వెనుదిరుగుతాడు కూడా. అప్పుడు చీకటిలో నుండి నిలువుమని వేడుకునే గొంతులు వినిపిస్తాయి. ఎవరని అడిగితే కర్ణుడని, భీముడని, అర్జునుడని, నకులసహదేవులని, ద్రౌపది అని పేర్లు వస్తాయి. మహాప్రస్థానంలో వెనుక ఒక్కొక్కరుగా పడుతున్నప్పుడు అతడు చూడనివారు ఇక్కడ పేర్లు చెప్పుకుంటున్నారు. ధర్మరాజు దూతను పంపివేసి అక్కడే నిలిచిపోతాడు.